కూర్చుని చూడండి

పోర్తోలో వాన ఏటవాలుగా దిగే వీధి మాది.
కొట్టు ముందు భాగం మా అన్న డువార్తెది,
కత్తెర, కుట్టుమిషను, ఇస్త్రీ ఆవిరి ఉన్న
వెనక గది నాది.
మగవాళ్ళ నడుములు నాకు తెలిసినంతగా
వాళ్ళ భార్యలకు కూడా తెలియవు.
నలభై నాలుగని చెప్పి నలభై ఎనిమిదిలో నిలబడేవాళ్ళు,
టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టేవాళ్ళు.
వదలండి, అంటాను,
ప్యాంటు మీతోపాటు భోజనానికి కూర్చోవాలి కదా.

మంగళవారం అబీలియో వచ్చాడు.
ముప్ఫై ఒక్క ఏళ్ళు సిటీ బస్సు నడిపి
పోయిన నెల తాళాలు అప్పగించాడట.
చొక్కా కొత్తది,
కింద మాత్రం అదే ముదురు నీలం యూనిఫాం ప్యాంటు.
"ఇంట్లో ఇంకా అయిదున్నాయి, గుడ్డ మంచిది" అన్నాడు
నేరం ఒప్పుకుంటున్నట్టు.
"స్టాపు దగ్గర ఊరికే నిలబడితే చాలు,
ఎవరో ఒకరు బస్సెప్పుడని అడుగుతారు.
ఎవరూ ఏమీ అడగని ప్యాంటు కావాలి నాకు."

అన్న బల్లంతా పరిచేశాడు.
చీలమండకు అతుక్కునేది మొదట.
దాన్ని తొడిగిన మనిషి తెర దాటి బయటికి రాలేదు,
చెయ్యి మాత్రం చాపి తిరిగిచ్చాడు.
తర్వాత ఆరు జేబుల గోధుమరంగుది.
"ఇన్నింట్లో పెట్టుకోడానికి నా దగ్గరేముంది?"
మూడోది నడుముకి సరిపోయింది గానీ
వెనక గుడ్డ ఖాళీ సంచిలా వేలాడింది.
"ఇప్పుడు స్టైలే అదండీ" అన్నాడు అన్న.
అన్నకు అమ్మకం తెలుసు, గుడ్డ తెలీదు.
చివరికి గొంతెత్తాడు, "గ్రసియెత్, నువ్వోసారి చూడు."

పెదాల మధ్య గుండుసూదులతోనే వచ్చి
అద్దాన్ని గోడవైపు తిప్పాను,
కుర్చీ లాగాను.
నిలబడితే ఏ ప్యాంటయినా బాగుంటుంది,
ఫోటోలో ఏ పెళ్ళికొడుకయినా బాగున్నట్టు.
కూర్చుంటేనే గుట్టు బయటపడుతుంది:
పట్టీ పొట్టను కొరుకుతోందా,
వెనక గాలి దూరుతోందా,
జేబు నోరు తెరుస్తోందా,
మోకాలు గుడ్డను తనవైపు లాక్కుంటోందా.
నడుంపట్టీలోకి బొటనవేలు దూరాలి,
పిడికిలి దూరకూడదు.
ఇంతకుమించి శాస్త్రం లేదు నా దగ్గర.

ఆలివ్ ఆకు వెనకవైపు రంగులో
నూలు ప్యాంటొకటి తీసిచ్చాను.
ముందు రెండు మడతలు, తొడకు చోటు,
దిగేకొద్దీ సన్నబడే కాలు.
అబీలియో కూర్చున్నాడు.
కూర్చోవడం అతనికి ఎవరు నేర్పాలి!
వెన్ను నిటారుగా నిలిచింది,
చేతులు రెండూ వాటంతటవే
లేని చక్రం మీదికి లేచాయి,
కుడిపాదం లేని బ్రేకును వెతికి
గచ్చును మెల్లగా నొక్కింది.
ప్యాంటు ఎక్కడా అభ్యంతరం చెప్పలేదు.
"ఇది" అన్నాడు.
"ఇంకో రంగులో కూడా..." అన్న ఆశ.
"ఇదే."

అంచు గుర్తు పెట్టడానికి నేలమీద కూర్చున్నాను.
అతని కుడి తుంటి అరవేలు కిందికి జారి ఉంది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరినంతా ఆపింది
ఆ ఒక్క కాలే మరి.
పైకి అనలేదు.
కుడి అంచు అరవేలు ఎక్కువ మడిచి సూది గుచ్చాను.
సమంగా కనబడాలంటే
కొందరికి సమంగా కుట్టకూడదు.

విడిచిన నీలం ప్యాంటు జేబులో
నాలుగు మడతల కాగితం, బస్సు వేళలు.
అంచులు చిరిగి, మధ్యలో కాఫీ మరక.
"పారెయ్యనా?"
"ప్యాంటు పారెయ్యండి" అన్నాడు.
కాగితం కొత్త జేబులోకి వెళ్ళింది.

ఆదివారం చర్చి నుంచి వస్తూ చూశాను, స్టాపు కింద అబీలియో.
అంచు బూటు మీద ఒక్కసారే విరిగింది,
నా కుట్టు నాకు తెలుస్తుంది.
పక్కన గొడుగు మూసుకున్న ఓ పిల్ల,
ఫోనులో తలదూర్చి.
ఎవరూ ఏమీ అడగలేదు.
అయిదు నిమిషాలు.
ఏడు.
గొంతు సవరించుకున్నాడు,
జేబు తడుముకున్నాడు, కాగితం తీయలేదు.
"ఆదివారాలు అది ఇక్కడ ఆగదమ్మా" అన్నాడు,
"పై వీధికి నడవాలి."