ఒకే కన్నం ముందు

అక్టోబరు. విమ్మెరా మైదానంలో ఎండలు ముదిరే నెల.
గోధుమ కోతలకి ఇంకా టైముంది.
సైలో కింద రాలిన పాత గింజల కోసం
ఎలుకలు ఊరి మీద పడ్డాయి ఆ ఏడు,
గోడల్లో, ట్రాక్టరు సీట్లలో, చర్చి ఆర్గన్ గొట్టాల్లో.
ఎలుకల వెనకాల పాములు.
పాముల సంగతి పట్టని పిల్లులు.

శనివారం ఒంటిపూట, క్లినిక్కి తాళం వేస్తుంటే
డల్సీ హ్యాచర్డ్ ఫోను.
"మా సార్జెంట్ అలిగాడమ్మా,
వాననీళ్ళ ట్యాంకు వెనక దూరి కూర్చున్నాడు.
సార్డీన్ పెట్టినా రాడు."
"కళ్ళెలా ఉన్నాయి?"
కాసేపు ఆవిడ ఊపిరి చప్పుడే.
"నల్లగా. ఇంత ఎండలో కూడా
రెండు బావుల్లా."
అలక కాదది, తీసుకురండి, అన్నాను.

దిండు గలీబులో చుట్టి తెచ్చింది.
పన్నెండేళ్ళ ఎర్రపిల్లి.
ముందుకాళ్ళు తనవే,
వెనకకాళ్ళు ఎవరో అప్పగించి పోయిన సామాను.
కాటు ఎక్కడో నేను వెతకలేదు.
ఆ బొచ్చులో దొరకదు;
గడ్డివాములో సూది కూడా కాదు, సూదిపోటు.

కుక్కలైతే చాలాసార్లు దారిలోనే పోతాయి.
పిల్లి చావుతో కూడా
తొందరపడి మాట కలపదు,
ఒక మూల చూసుకుని ఆలోచిస్తుంది.
ఆ ఆలోచించే కాస్త వ్యవధిలోనే మా పనంతా.

డాక్టర్ కలియోపి మందు ఖరీదు చెప్పింది.
డల్సీ చెవిమిషన్ సర్దుకుంది,
వినపడలేదేమో అనుకున్నాం.
"కొత్త మిషన్‌కని దాచినవున్నాయి.
పాతది ఇంకా కీచుమంటూనే ఉందిగా."

రాత్రంతా చుక్క, చుక్క.
వాడు రెప్ప వేయలేడు కాబట్టి
వాడి కళ్ళు తడుపుతూ నేను.
మూడింటికి నా బొటనవేలు కొరికాడు.
అంత నీరసమైన కాటు
నా సర్వీసులో తినలేదు.
డాక్టర్ని నిద్ర లేపి మరీ చూపించాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.
మూడోవాడి ఊసు సామెతలో లేదు:
అదే కన్నం ముందు, అదే ఆకలితో,
ఎండిన గోధుమగడ్డి రంగులో
తన వంతుకి కాచుకున్నవాడు.
పగా లేదు, పాడూ లేదు.
పంజా తగిలింది, ఇటు తిరిగాడు.

ఇప్పుడు డల్సీ వరండా చుట్టూ
పోయిన మొగుడి కోళ్ళదొడ్డి వల.
పెరట్లో రేకులు తీయించింది,
కట్టెలమోపు కంచె అవతలికి మార్పించింది.
సార్జెంట్ లోపల స్టూలు మీద
రిటైరైన పోలీసులా కూర్చుంటాడు,
అధికారం లేదు, చూపు మాత్రం పోలేదు.

మొన్న టీకి వెళ్ళాను.
ట్యాంకు పక్కనుంచి అది పోయింది,
నేల మీద ఎవరో తీరిగ్గా గీస్తూ
గీసిన మేరా చెరుపుకుంటున్న గీత.
సార్జెంట్ తోక ఒక్కసారి ఆడింది.
నా కప్పు గాల్లోనే ఆగింది.
డల్సీ చక్కెర ఎన్ని చెంచాలని రెండోసారి అడుగుతోంది.

అప్పుడే వల కన్నంలోంచి ఒక చిట్టెలుక
లోపలికొచ్చి,
పిల్లి గిన్నెలో రెండు పలుకులు తిని,
మూతి తుడుచుకుని,
వచ్చిన దారినే వెళ్ళింది.