దీపం మీద స్టిక్కర్

మూడు నెలలుగా ఆ నారింజ దీపం
నాతోపాటే తెల్లవారకముందే లేస్తోంది.
ఇంజన్ బొమ్మ. అంతే. ఏమైందో చెప్పదు.
ద్రాక్షగుత్తి స్టిక్కరొకటి అంటించాను దాని మీద,
పిల్లాడి మోకాలి గాయానికి పట్టీ వేసినట్టు.
చీకట్లో ద్రాక్షల్లోంచి వెలుతురు కారుతూనే ఉండేది.

ఇవాళ రొట్టెలన్నీ దుకాణాలకి దించేసి
సీటు మీది పిండి దులిపి
ఎలియావా బజారుకొచ్చాను.
తలుపులు ఒక చోట, అద్దాలు ఒక చోట,
విప్పేసిన కార్ల నడుమ
జుంబేర్ కొట్టు, రెండు భుజాల వెడల్పు.

"కోడ్ రీడర్ కావాలి."
"దేనికి? చదవడానికా, చెరపడానికా?"
నాకు వెంటనే జవాబు తోచలేదు.

గాజుబల్ల మీద మూడు పెట్టాడు.
ఒకటి అగ్గిపెట్టెంత, నీలం రంగు,
ఫోన్‌తోనే మాట్లాడుతుందట. పదిహేను రొట్టెల ధర.
ఒకటి అరచేతికి సరిపోయేది, తోక లాంటి తీగ,
నాలుగు బొత్తాలు, మసక తెర. డెబ్బై రొట్టెలు.
మూడోది నల్లపెట్టెలో పరుపేసుకుని పడుకున్న పలక.
దాని ధర రొట్టెల్లో లెక్కకడుతూ మధ్యలో వదిలేశాను.

"నీలందే తీసుకెళ్లు గులీకో, దీపం ఆరిపోతుంది.
ఇక్కడికొచ్చే వాళ్లందరికీ కావలసింది అదేగా."

ఎదురు షెడ్డులో వజా,
స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని
ఎవరిదో ఇంజన్ గుండె వింటున్నవాడు,
తల ఎత్తకుండానే అన్నాడు:
"దీపం ఆర్పితే ఎవరికమ్మా సుఖం? దొంగకి."

రెండూ తగిలించి చూస్తానన్నాను.
స్టీరింగ్ కింద తల దూర్చాను.
పొద్దుతిరుగుడు గింజల పొట్టు, ఎవరిదో గుండీ,
ఆ వెనక, పదహారు రంధ్రాల నోరు.

నీలంది ఒక్క మాట చెప్పింది:
పీ సున్నా నాలుగు రెండు సున్నా.
కిందే పెద్ద బొత్తాం: చెరిపెయ్యి.
వేలు దాని దాకా వెళ్లింది.
నిజం చెప్పాలంటే, కాసేపు అక్కడే ఉంది.

తీగది కూడా అదే అంకె చెప్పింది.
కానీ బొత్తాం నొక్కేకొద్దీ ఇంకా చెప్పుకుంటూ పోయింది.
దీపం వెలిగిన క్షణాన
వేగం అరవై రెండు, ఇంజన్ వేడి తొంభై.
అంటే ఎగువ దారిలో, ఆ వాన రోజున,
నేను రేడియో ట్యూన్ చేస్తూ ఉన్నప్పుడు.
నేను మరిచిపోయినది అది దాచుకుంది.

మరో పేజీలో:
కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం
నాలుగు వేల నూట పద్దెనిమిది.

నేను ఎన్నడూ చెరపలేదే!
రొట్టెల లెక్కల పుస్తకం మొదటి పేజీ తీశాను.
కారు మా వాకిట్లోకి వచ్చిన రోజు మీటరు అంకె
నా చేతిరాతలోనే ఉంది.
తీసివేత చేశాను. మళ్లీ చేశాను. వేలితో అద్దం మీద చేశాను.
తేడా తొమ్మిది కిలోమీటర్లు.

మా ఆడపడుచు మొగుడు తమాజ్ ఇంటి నుంచి
మా ఇంటికి తొమ్మిది కిలోమీటర్లు.

"బంగారంలాంటి కారు" అని తాళాలు చేతిలో పెట్టినవాడు.
ఆ రాత్రి విందులో పెద్దగా కూర్చుని
మూడో గ్లాసు నిజాయితీకి ఎత్తినవాడు.

వజా కారు కిందికి దూరి
పానాతో గొట్టాన్ని రెండుసార్లు తట్టాడు.
ఖాళీ బిందె చప్పుడు.
"లోపల క్యాటలిస్ట్ లేదు. ఎవరో కోసేసి
డొల్ల మళ్లీ అతికించారు.
ఎవరు, ఎప్పుడు, అది మాత్రం ఏ రీడరూ చెప్పదు."

జుంబేర్ నీలందాన్ని గుడ్డతో తుడిచి
నెమ్మదిగా డ్రాయర్లో పెట్టేసుకున్నాడు.

డెబ్బై రొట్టెలు లెక్కపెట్టి ఇచ్చాను.
బేరమాడడం కూడా మరిచిపోయాను,
అది ఇప్పటికీ బాధగానే ఉంది.

స్టిక్కర్ గోటితో పీకాను.
ద్రాక్షలు సగమే ఊడాయి, జిగురు అలాగే ఉంది.
దీపం ఆర్పలేదు. బాగుచేయించేదాకా ఆర్పను.
వెలగనీ, దాని పని అది చేస్తోంది.

ఆదివారం తమాజ్ ఇంట్లో విందు.
రొట్టెలు ఎప్పటిలా నేనే పట్టుకెళ్లాలి.
సంచి అడుగున, తీగ చుట్టుకుని, ఇదీ ఉంటుంది.
కొత్త కారు కొన్నాడట కదా,
ఒకసారి తగిలించి చూద్దామా బావా, అంటాను,
మూడో గ్లాసు తర్వాత.