నేల తీగ

చిలోయే దీవి చివర, కెయోన్‌లో
వాన ఆగదు, కాస్త వెనక్కి తగ్గుతుంది అంతే.
రేకుల షెడ్డులో ఇస్మేనియా బల్ల మీద
ఈ వారం మూడు బోర్డులు.
నార్వేది ఒకటి, షెన్‌జెన్‌ది ఒకటి,
మూడోదాని మీద ఊరి పేరు ఉప్పు తినేసింది.
మూడూ సాల్మన్ చేపల వలల దగ్గర
నీళ్ళలో ఊపిరెంత మిగిలిందో లెక్కగట్టేవే.
ఇప్పుడు మూడూ ఉలకవు, పలకవు.

సొరుగు లాగితే అన్నీ అడాప్టర్లే:
ఇరవై కాళ్ళది, పద్నాలుగుది, పదిది,
ఒక పక్క చెక్కి గుర్తు పెట్టుకున్నది,
"దీన్ని నమ్మకు" అని టేపు అంటించినది.
కొన్ననాడు ప్రతిదాని పెట్టె మీదా
అన్నిటికీ సరిపోతుందనే రాసుంది.
"అన్నిటికీ అంటే," అంటుందామె,
"వాళ్ళ అన్నిటికీ."

నేను చేరి నాలుగు నెలలు.
దూరింది కదా, కుదిరిందనుకున్నాను.
ఉప్పు తిన్న బోర్డులో పది కాళ్ళది ఇట్టే కూర్చుంది.
తెర మీద: టార్గెట్ దొరకలేదు.
మళ్ళీ నొక్కాను. దొరకలేదు.
ఎదురుగానే ఉంది, గోరంత, నల్లగా,
నా ఊపిరికి చెమర్చేంత దగ్గర.

ఆమె పొయ్యిలోకి కట్టె ఎగదోసి వచ్చి
ఒకటో కాలి మీద మీటరు సూది ఆనించింది.
ఒకటి పాయింట్ ఎనిమిది.
"ఇది గుసగుసల మనిషి.
నువ్వు మూడు పాయింట్ మూడుతో అరుస్తున్నావు."
నిన్న అలాగే ఒక చిప్పు
సన్నటి పొగ వదిలి పోయింది.
ఆ సంగతి ఇంకా చెప్పలేదు.

వోల్టేజి దించింది. పలకలేదు.
రీసెట్‌కి వేరే తీగ అతికింది. పలకలేదు.
వేగం నాలుగు మెగాహెర్ట్జ్ నుంచి ఒకటికి,
ఒకటి నుంచి నూరు కిలోకి,
ముసలి చెవికి కబురు చెప్పినట్టు
మాటకీ మాటకీ మధ్య ఎడం పెంచుతూ పోయింది.
పలకలేదు.

బయట నెల్సన్ ఒయార్సో, పడవలోనే.
చీకటిపడేలోగా బోర్డు చేరకపోతే
నలభై వేల చేపలకి ఈ రాత్రి కాపలా లేదు.
అతను ఏమీ అడగలేదు.
ఆపని ఇంజనే అడుగుతోంది.

కళ్ళద్దాలు నుదుటికెత్తి ఇస్మేనియా
సొరుగు అడుగున వెతికి ఒక తీగ తీసింది.
ఏ కంపెనీదీ కాదు,
రెండు చివర్లా మొసలి నోళ్ళు.
ఒక నోరు అడాప్టరు రేకుని కరిచింది,
ఇంకోటి బోర్డు అంచుని.
"నేల," అంది. "ఆ కాలుని ఉప్పు తినేసింది.
ఇద్దరూ ఒకే నేల మీద నిలబడకపోతే
నీ ఒకటి దానికి సున్నాలా వినబడుతుంది."

నొక్కాను.
ఎనిమిది అంకెలు. దాని పేరు.
ఇంతసేపూ అడిగింది ఆ ఒక్కటే.

ఒయార్సో బోర్డుని చొక్కా లోపల దాచుకుని వెళ్ళాడు.
ఇంజను చప్పుడు వానలో కలిసిపోయాక
పది కాళ్ళదాన్ని నార్వే బోర్డుకి పెట్టి చూశాను.
దూరలేదు.
ఎందుకో హాయిగా అనిపించింది.
కనీసం ఇది ముందే చెప్పింది.

అప్పుడు, ఆమె వీపు చూస్తూ,
నిన్నటి పొగ సంగతి చెప్పాను.
"తెలుసు," అంది. "వాసనొచ్చింది."