పెన్సిలుతో రాసే చార్టు

డ్యూటీ చార్టు నేను పెన్సిలుతోనే రాస్తా.
పెన్నుతో రాసిన కాలంలో
పేర్ల కంటే కొట్టివేతలే ఎక్కువుండేవి.
పెన్సిలు రెండు నెలలొస్తుంది,
రబ్బరు పది రోజులకే అరిగిపోతుంది.

మంజూరైన బలం అరవై ఎనిమిది.
హాజరు పట్టీలో పేర్లు నలభై ఒకటి.
అందులో ఇద్దరు కోర్టుకి, ఒకరు సమన్లకి,
ముగ్గురు పెద్దోళ్ల ఇళ్ల ముందర గేటు తీస్తుండారు.
ఆ గడిలో 'అటాచ్' అని రాయాల,
ఎవరికి అని రాయకూడదు.
పెంచలయ్యకి గుండె ఆపరేషనైంది,
తేలిక పని ఇమ్మని డాక్టరు చీటీ.
మా స్టేషన్లో తేలిక పని ఏదో
చీటీ రాసినాయనకి తెలిస్తే చెప్పాల.

మిగతా ఇరవై ఏడు గళ్లలో ఖాళీ.
ఖాళీకి నంబరుంది, బీటుంది,
లాఠీ కూడా ఉంది, బీరువా వెనక కట్టగట్టి.
ఖాళీకి జొరం రాదు,
బిడ్డ చెవులు కుట్టించే ముహూర్తం రాదు.
అయినా రాత్రి రెండింటికి పెన్నా బ్రిడ్జి మీద
ఖాళీ బదులు ఎవరో ఒకరు నిలబడాల.
ఆ ఎవరో ఒకరి పేరు వెతకడమే నా ఉద్యోగం.

వారానికో రోజు సెలవన్న ఉత్తర్వు
నోటీసు బోర్డులో ఉంది, అద్దం వెనక.
అద్దానికి తాళం.
తాళంచెవి యాడుందో
నాకు ముందున్న రైటరుకీ తెలీదంట.

"రైటరమ్మా, ఈ ఆదివారం..."
పదకొండు నలభై రెండు వచ్చి నిలబడతాడు,
అంటే మా సుధీరు.
ఆ మాట పూర్తిగా అడిగినోణ్ణి
నా సర్వీసులో నేను చూడలా.

హోంగార్డు మస్తానయ్య ఆ మాత్రం కూడా అడగడు.
బలం లెక్కలో ఆయన లేడు.
వచ్చిన రోజుకే కూలి,
అందుకే రాని రోజు లేదు.

మొహర్రం వచ్చింది.
స్వర్ణాల చెరువు కాడ రొట్టెల పండగ బందోబస్తు.
ఒంగోలు నించి, కందుకూరు నించి బలగాలు దిగినాయి
వాళ్ల వాళ్ల స్టేషన్లలో ఖాళీలు పెంచి.
నన్ను ఉద్యోగం రొట్టె బోర్డు కింద వేశారు.

తెల్లారి నాలుక్కే మోకాటి లోతు జనం.
మైకులో తప్పిపోయిన పిల్లోడి పేరు,
వాడి చొక్కా రంగు, మళ్లీ వాడి పేరు.
బూట్లు గట్టున పెట్టి, ఖాకీ పాంటు మడిచి
నేనూ నీళ్లలో దిగినా.

ఉదయగిరామె ఒకామె,
కొంగుచాటున రొట్టె, అందులో బెల్లం.
"నా బిడ్డకి కానిస్టేబులొచ్చిందమ్మా.
పోయినేడు ఈడే తీసుకున్నా,
ఎవురికిద్దామా అని చూస్తుండా."
నేను చెయ్యి చాపినా.
"నీకుందిగా తల్లీ!
ప్రమోషనైతే ఆ బోర్డు అవతల."

కాదన్నా. మనుషులు కావాలన్నా.
ఇరవై ఏడు మంది.

ఆమె నవ్వలా.
తుంచబోయిన రొట్టె తుంచకుండా
మొత్తం నా చేతిలో పెట్టింది.
"మావోణ్ణి యాడేస్తారో?
రాత్రిళ్లు మేలుకోలేడమ్మా, చిన్నప్పట్నించీ."
నేను నీళ్లకేసి చూసినా.

స్టేషనుకొచ్చి తడి పాంటుతోనే కూచున్నా.
రొట్టె మస్తానయ్య కొంచెం, నేను కొంచెం.
పెంచలయ్య బెల్లం మాత్రం గిల్లుకున్నాడు,
ఇంట్లో చెప్పొద్దని.
శిక్షణ అయ్యి పిల్లలు బయటికొచ్చేసరికి
మాలో రిటైరయ్యేవాళ్లు ఎందరో
వేళ్ల మీద లెక్కేసి, మధ్యలో ఆపేసినా.

ఆదివారం పేజీ తీసి
పదకొండు నలభై రెండు ఎదురుగా 'సెలవు' అని రాసినా.
బ్రిడ్జి, రాత్రి రెండు: నా పేరు.
పెన్సిలే.
కాకపోతే గట్టిగా ఒత్తి రాసినా,
పైవాళ్లు రబ్బరు పెట్టి తుడిచినా
కింది పేజీ మీద ఆ మాట అచ్చు మిగిలేటట్టు.