పుర్రచేతి తోడు

రాత్రి రెండున్నర. పైడిభీమవరం.
నాలుగో బ్లాకులో గాజుపూత రియాక్టరు చల్లారుతోంది,
గంటకి మూడు డిగ్రీలు,
నెలలు నిండిన మనిషి మెట్లు దిగినట్టు.

లోపలున్నది ఒకటే మందు. చేతులు రెండు.
అవే అణువులు, అదే బరువు, కరిగే వేడి కూడా అదే.
నాకిది చెప్పుల స్టాండు దగ్గర అర్థమైంది:
షిఫ్టు దిగి, చీకట్లో కుడికాలు ఎడమ చెప్పులో పెట్టి
గేటు దాకా నడిచాను.
అది చెప్పు కాదనడానికి లేదు.
కాలే ఒప్పుకోలేదు.
ఒళ్ళూ అంతే. ఒక చేతిని లోపలికి రానిస్తుంది,
రెండోదాన్ని వీధి అరుగు మీదే కూర్చోబెడుతుంది.

విడదీయమని అద్దాన్ని అడగలేం,
వాటిని జంటగా కన్నది అదే కదా.
మూడో మనిషి కావాలి.
బస్తాల్లో వస్తుంది టార్టారిక్ ఆమ్లం.
సీతంపేట కొండల మీద చింతపండులో పులుపు కూడా ఇదే.
చెట్టు దాన్ని ఎప్పుడూ ఒక చేతివాటంగానే చేస్తుంది,
ఏ ఏడూ మరిచిపోయి రెండో చెయ్యి చేసినట్టు వినలేదు.
మీ కుడిచేతిని ఒకరి కుడిచేతికివ్వండి,
తర్వాత ఎడమచేతికి.
పట్టు వేరు.
ఒక పట్టు బిగిసి గింజ కడుతుంది,
ఇంకోటి మెథనాల్లో జారుతూనే ఉంటుంది.

పైల గురయ్య టార్చి వేసి లోపలికి చూస్తాడు,
ఎడమచేత్తో.
రణస్థలం బళ్ళో మేష్టారు ఆ చేతిని బల్లకాలికి కట్టేవాడట.
కంచం ముందు వాళ్ళమ్మ గంటె తిరగేసేదట:
"పుర్రసేత్తో తింతావేట్రా, ఊరంతా నవ్వుతాది!"
అన్నం ఇప్పుడు కుడిచేత్తోనే తింటాడు.
వాల్వు మాత్రం ఎడమచేతి మాటే వింటుంది.

నలభై రెండు దగ్గర తోడు పెట్టాలి.
పాత బ్యాచిలోని మంచి గింజలు, గిద్దెడు,
గోరువెచ్చని పాలల్లో చెంచాడు పెరుగులా.
"ఇదేస్తే గానీ దానికి తెలవదమ్మా,
తనెవులో."

పోయిన మంగళవారం చల్లనీళ్ళ వాల్వు పట్టేసింది.
పది నిమిషాల్లో పదిహేను డిగ్రీలు పడిపోయింది.
తోడు అందేలోగానే అంతా కంగారుపడి గడ్డకట్టింది,
రెండు చేతులూ ఒకదాన్నొకటి పట్టుకుని.
ఆమ్లం వదిలించి పొలారిమీటర్లో పెట్టాను.
సోడియం దీపం పసుపు వెలుతురు, హైవే మీద దీపాల రంగే,
గొట్టంలోంచి నిటారుగా బయటికొచ్చింది,
ఎవరి పక్షమూ పట్టని పెద్దమనిషిలా.
సున్నా.
గురయ్యకి మెమో ఇచ్చారు.
"ఏ సేత్తో సంతకం పెట్టమన్నారమ్మా?" అన్నాడు.
నవ్వలేదు.

ఈ రాత్రి తొందరపడలేదు ఎవరూ.
మూడుంబావుకి అద్దం వెనక ఒక మెరుపు.
ఒకటే. నా కంటి నలుసేమో అనుకున్నాను.
తర్వాత బుడగట్లపాలెం వలలో
నెత్తళ్ళు ఒక్కసారి పక్కకి తిరిగినట్టు
ద్రవమంతా తెల్లగా తిరిగింది.
వడపోత, కడుగు, ఆరబెట్టు, మళ్ళీ ఆ పసుపు వెలుతురు.
మైనస్ ఇరవై మూడు పాయింట్ నాలుగు.
బళ్ళో నాకు మైనస్ అంటే భయం.
ఇక్కడ మైనస్ అంటే ఎడమ.
ఎడమంటే పాస్.

అడుగున మిగిలినదాన్ని ఎమ్మెల్ అంటారు, తల్లినీళ్ళు.
ఓడిపోయిన కుడిచేయంతా అందులోనే ఉంది.
పారబోస్తారనుకునేదాన్ని, చేరిన కొత్తలో.
పారబొయ్యరు. క్షారం వేసి పన్నెండు గంటలు కాగబెడతారు.
కాగి కాగి, తనదే చెయ్యో మరిచిపోతుంది.
మళ్ళీ సగం సగం.
మళ్ళీ పులుపు, మళ్ళీ చల్లార్చడం, మళ్ళీ తోడు.
ఆ ఒక్క మరపు కోసం ఎంత ఆవిరో!

ఆరింటికి క్యాంటీన్లో గురయ్య ఎదురుగా కూర్చున్నాడు.
ఇడ్లీ. కుడిచేత్తో, బుద్ధిగా.
అతని వెనక కిటికీ అద్దం ఇంకా నల్లగానే ఉంది.
అందులో ఇంకో గురయ్య
ఎడమచేత్తో తింటున్నాడు,
నిదానంగా, వేళ్ళు నాకుతూ.
గంటె పట్టుకుని అటువైపు
ఎవరూ లేరు.