చెరో ముక్క

రోజూ పొద్దున్నే వస్తాయి రెండు బొంతకాకులు.
గడ్డి మొలిచిన మా ఇంటికప్పు మీద
బాకీ వసూలుకొచ్చిన వాళ్లలా దిగుతాయి.
ఈ దీవిలో ఇంటికో జంట,
చలికాలమంతా మనం పారేసిన చేపతలలే వాటి బతుకు.

మా అత్త థోర్‌హల్లా వాటిని చూస్తే గొంతు తగ్గించేది:
"ఒకటి ఆలోచన, ఒకటి జ్ఞాపకం.
లోకమంతా తిరిగొచ్చి మాపటికి
ఒంటికన్ను ముసలాయన భుజాల మీద వాలి
చెవిలో ఊదేస్తాయి అంతా.
నువ్వు పాలలో నీళ్లు కలిపింది కూడా."

నవ్వేదాన్ని.
మొన్నటిదాకా.

మొన్న రాత్రి గడ్డికొట్టంలో ఎవరో దగ్గారు.
కొండ అవతల స్కెగ్గి కొన్న బానిస,
ఐర్లండు నుంచి పడవలో కట్టి తెచ్చిన కుర్రాడు.
రెండు రాత్రులు మంచులో నడిచాడట,
కాలివేళ్లు మూడు నల్లబడ్డాయి.
పేరు ఫీక్రా. వాళ్ల భాషలో
ఆ పేరులోనే కాకి ఉందట.
పళ్లు టకటక కొట్టుకుంటుంటే
ఆ ముక్క చెప్పి నవ్వాడు కూడా.

కాకులు దూరని కారడవి అంటారు కథల్లో.
ఇక్కడ అడవే లేదు.
మోకాలెత్తు పొదలు, నల్లరాయి, గాలి.
ఆకాశం కింద ఉన్నదంతా
ఆ రెంటి వాకిలే.

అందుకే ఇవాళ
పండక్కని దాచిన తిమింగలం కొవ్వు తీశాను.
చెరో ముక్క.
ఆలోచన గుటుక్కున మింగేసింది.
జ్ఞాపకం తల పక్కకి వాల్చి
నన్నే చూస్తూ కూర్చుంది.

"ఇదిగో, నా ఉప్పు తిన్నారు," అన్నాను.
"ఉప్పు ఈ సీమలో దొరకదు, కొవ్వే ఉప్పనుకోండి.
చెప్పొద్దని అనను. దాచడం మీ ఇంటావంటా లేదు.
కాస్త ఆలస్యంగా చెప్పండి.
ముందు రాజుల సంగతులు చెప్పండి,
మునిగిన ఓడలు, ఎక్కడో వాగులో చచ్చిన గుర్రం,
మా ఆయన ఉల్‌వార్ తాగి పడ్డ చోటు,
అన్నీ వివరంగా, మెల్లగా.
నా గడ్డికొట్టం దగ్గరికొచ్చేసరికి
ముసలాయనకి ఆ ఉన్న కన్నూ మూతపడాలి.
మంచు కరిగితే వర్తకుల పడవ వస్తుంది.
అంతవరకే."

జ్ఞాపకం ముక్కని ముక్కున కరుచుకుని లేచింది.
తినలేదు.
మాట ఇచ్చి వెళ్లిందో,
సాక్ష్యం పట్టుకెళ్లిందో.

లోపల కుర్రాడు మళ్లీ దగ్గాడు.
నేను గొర్రెల్ని తిట్టడం మొదలెట్టాను,
పైకి వినబడేంత గట్టిగా.