జీరో టికెట్టు

ప్రాక్టికల్ రికార్డు చివరి పేజీలో,
కప్ప గుండె బొమ్మకి వెనకవైపు,
మెర్సీ లెక్క రాసింది.
ముగ్గురం. మూడు రోజుల సెలవు.
అందరి పర్సులూ మంచం మీద బోర్లిస్తే
పదకొండు వందల నలభై.
అందులో రెండు వందలు
నౌషీన్‌కి వాళ్ళ ఖాలా ఇచ్చిన ఈదీ.
"అది చివర్న తీద్దాం" అంది, తలగడ కింద పెడుతూ.

హోలీ రంగు ఇంకా చెవుల వెనక పోలేదు.
కోఠీ ఎండ అప్పుడే
మెట్ల మీద కూర్చోనివ్వడం లేదు.
ఎక్కడికైనా పోదాం అని మొదలైన మాట
గోవా దాకా ఎగిరి, అరకు దగ్గర అలిసిపోయి,
చేపల వేట దగ్గర దిగింది.
ఎవరన్నారో గుర్తు లేదు.
నేను మాత్రం కాదు.

బస్సుకి సున్నా.
ఇమ్లీబన్‌లో ఆధార్ చూపిస్తే దేవరకొండ దాకా
ఆడపిల్లలకి జీరో టికెట్టు.
(డీలక్స్ ఎక్కామా, చచ్చామే.)
బియ్యం మెస్ అక్క ఇస్తానంది, గిన్నె మాత్రం ఇవ్వదట.
నూనె పొయ్యడానికి షాంపూ సీసా;
మూడుసార్లు కడిగినా మందారం వాసనే.
ఇక గాలం.
మెర్సీ ఫోన్లో చూపించింది,
నల్లగా నిగనిగలాడే కర్ర, దానికో చక్రం,
పద్దెనిమిది వందలు.
లెక్క అక్కడ మునిగింది.
నౌషీన్ తలగడ సర్దుకుంది.

నాకు నవ్వాగలేదు.
"బేగంబజార్ల ముల్లు మూడు రూపాలు.
దారం ఉండ నలభై.
బెండుకు నెమలీక కాడ, అది లేకుంటె తెగిన చెప్పు ముక్క.
కట్టెకు పైసలెవడు వెడ్తడే?
ఎర్రలు మన బాత్రూముల ఎనక, నీళ్ళు పారేకాడ తవ్వుకుందాం."

ఇద్దరూ నా మొహం చూశారు.
రెండేళ్ళు ఇస్త్రీ చేసి దాచుకున్న మాట
ఒక్క ముల్లుకి తగిలి చిరిగిపోయింది.
"నీకెలా తెలుసు?"

అడ్మిషన్ ఫారంలో తండ్రి వృత్తి: వ్యాపారం.
నా చేత్తోనే రాశాను.
మొదటి నెలలో, కాలేజీ బస్టాపులో
ఒకావిడ చేపల గంప ఎక్కిస్తే
పక్కమ్మాయి చున్నీ ముక్కుకి పెట్టుకుంది.
నేనూ పెట్టుకున్నాను.
గంపలో ఇంకా ప్రాణముంది.
మూత కింద తోక కొట్టుకునే చప్పుడుని బట్టి
కొర్రమట్టలని తెలిసింది, చూడకుండానే.
పెద్దది అడుగున ఉందని కూడా.

ఆ సంగతంతా చెప్పాను.
మెర్సీ ఏమీ అనలేదు, నా జడ విప్పి మళ్ళీ అల్లింది,
అక్కర్లేకపోయినా.
నౌషీన్ మాత్రం "మరి కూర వండటం వచ్చా" అంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను.
మేనమామ వాళ్ళ సొసైటీ చెరువు,
మనిషికి ఇరవై, గాలం అయితే సరే, వల ముట్టొద్దు.
"కొనుక్కుంటే ఒడ్శిపాయె గద బిడ్డా,
ముగ్గురాడపిల్లలు ఎండల కూసొనుడెందుకు?"
జవాబు వెతుక్కుంటున్నాను, ఆయనే మళ్ళీ,
"ఎన్ని పడ్తయో రాసుకున్నరా ఏంది?
రాయకుండ్రి. నీళ్ళు ఇంటయి."

రికార్డు తెరిచాను.
చేపలు, రోజుకి ఆరు, అని ఉంది మెర్సీ రాతలో.
రబ్బరుతో తుడిచాను, కాయితం పలచబడి
అవతల కప్ప గుండె కాస్త కనిపించేదాకా.

ఐస్‌క్రీమ్ డబ్బాలో ఎర్రలు,
మూతకి పిన్నీసుతో పొడిచిన చిల్లులు,
నా మంచం కింద.
పొద్దున అవుట్‌పాస్ మీద ఊరి పేరు చదివి
వార్డెన్ కళ్ళజోడు పైకి తోసుకుంది.
ఈ ఎండల్లో అక్కడేముందమ్మా, గుడా, జలపాతమా?

"నీళ్ళు తగ్గుతున్నయి మేడం" అన్నాను.